గోడకు రంగు, నీళ్లకు వేడి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పరిచయం చేసిన మిత్రుడు "వీడు కలెక్టర్లను తయారు చేస్తాడు" అన్నాడు. చప్పట్లు గట్టిగానే కొట్టారు. అపోహ ఉంటే తొలగించాలి కదా. నేను తయారు చేసే కలెక్టర్లు జిల్లాలను ఏలేవి కావు. డాబా మీద ఎండకు పడి ఉండి నీళ్లు కాచేవి. సోలార్ వాటర్ హీటర్‌లో గాజు మూత ఉన్న పలకను మా భాషలో కలెక్టర్ అంటారు. చర్లపల్లిలో ఒక చిన్న షెడ్డు, నలుగురు పనివాళ్లు, అదీ నా సామ్రాజ్యం.

కొన్నేళ్లుగా మేం ఒకే ఒక ప్రశ్న పట్టుకుని పని చేస్తున్నాం. ఈ కలెక్టర్ నల్లగానే ఎందుకు ఉండాలి? ఇంటి గోడకు నప్పే నీలంలోనో, ఆకుపచ్చలోనో, మట్టి రంగులోనో ఉంటే దాన్ని డాబా మీద దాచకుండా గోడకే బిగించవచ్చు కదా? ఈ ప్రశ్నకు మన బడితో సంబంధం ఉంది. అందుకే ఈ వేదిక మీద చెబుతున్నాను. చివర్లో సంఘానికి ఒక అభ్యర్థన కూడా ఉంది. ముందు సంగతి చెప్పి తర్వాత అడుగుతాను.

జూబ్లీ హిల్స్‌లో నా అనుభవం చెబుతాను. ఇక్కడ ఇల్లు కట్టేవారెవరూ సోలార్ హీటర్ వద్దనరు. "ఎక్కడ పెడతారు? రోడ్డు మీదికి కనిపించదు కదా?" అని మాత్రం అడుగుతారు. ముందు గోడకు రాయి, అద్దం, అల్యూమినియం షీటు, వాటి మధ్య దీపాలు. అన్ని లక్షలు పోసిన ముఖం మీద నల్లటి పలక ఎవరికీ ఇష్టం ఉండదు. వాళ్లను తప్పు పట్టను. యూరప్‌లోనూ ఇదే గొడవ. అక్కడి పరిశోధకులు తరచూ ఉటంకించే ఒక అభిప్రాయ సేకరణలో నూటికి 85 మంది ఆర్కిటెక్టులు, పనితనం కాస్త తగ్గినా సరే, నలుపు కాకుండా వేరే రంగులు కావాలన్నారు.

పోనీ డాబా మీదే పెడదామంటే అక్కడ చోటేది? నీళ్ల ట్యాంకులు, ఏసీ యంత్రాలు, పూల కుండీలు, ఈ మధ్య కరెంటు ఇచ్చే సోలార్ ప్యానెళ్లు. అపార్టుమెంటు అయితే ఒక్క డాబాను ఇరవై కుటుంబాలు పంచుకోవాలి. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం డాబాలు ఎండను తిప్పికొట్టే తెల్లటి పూతలతో చల్లగా ఉండాలంటోంది. అదీ మంచిదే. అయితే పైకప్పు మీద పోటీ పెరిగిపోయింది. గోడలు మాత్రం ఖాళీగా ఎండ తాగుతున్నాయి.

అసలు నలుపు ఎందుకో రెండు మాటల్లో చెబుతాను. నల్లటి వస్తువు వెలుగును బాగా పీల్చుకుంటుందని ఆరో తరగతిలోనే చదివాం. కానీ పీల్చుకోవడం సగం పనే. వేడెక్కిన వస్తువు ఆ వేడిని కంటికి కనపడని పరారుణ కిరణాలుగా తిరిగి వదిలేస్తుంది. మామూలు నల్ల పెయింటు వేసిన రేకు 80 డిగ్రీలకు చేరిందనుకోండి, చుట్టూ 30 డిగ్రీలు ఉందనుకోండి. గాజు మూత లేకపోతే చదరపు మీటరుకు సుమారు 360 వాట్ల వేడి కిరణాల రూపంలోనే పోతుంది. ఎండను 95 పాళ్లు పీల్చుకుంటూ, వేడిని మాత్రం 5 పాళ్లే వదిలే ప్రత్యేకమైన పూత వేస్తే ఆ నష్టం 20 వాట్లకు దిగుతుంది. ఇలాంటి పూతలకు 1955లో దారి చూపినవారిలో ముఖ్యుడు ఇజ్రాయెల్ శాస్త్రవేత్త హ్యారీ టాబర్. ఈనాటి మంచి కలెక్టర్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

కాబట్టి రంగు కావాలని ఆ రేకు మీద ఎర్ర పెయింటో పచ్చ పెయింటో కొడితే రెండు విధాలా నష్టం. లోపలికి వచ్చేది తగ్గుతుంది, బయటికి పోయేది పెరుగుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయారు. రంగు కావాలంటే వేడి వదులుకోవాలి, వేడి కావాలంటే నలుపును భరించాలి అనుకున్నారు.

దీనికి విరుగుడు ఏమిటో మన ఫిల్మ్‌నగర్ వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోల చుట్టూ పెరిగిన బడి మనది. మన తరగతుల్లో లైట్‌మన్ల పిల్లలు, మేకప్‌మన్ల పిల్లలు, కార్పెంటర్ల పిల్లలు ఉండేవారు. మా బ్యాచ్‌లో ఒకడి నాన్నగారు లైట్‌మన్‌గా చేసేవారు. సెట్ మీద దీపానికి రంగు తెప్పించడానికి రెండు పద్ధతులు ఉండేవని ఆయన చెప్పేవారు. ఒకటి జిలెటిన్ కాగితం. దీపం ముందు నీలం జిలెటిన్ కడితే నీలం వెలుగు వస్తుంది. అయితే మిగతా వెలుగంతా ఆ కాగితమే తాగేస్తుంది, వేడెక్కుతుంది, కొన్నాళ్లకు వెలిసిపోతుంది, ఒక్కోసారి కాలిపోతుంది. రెండోది డైక్రోయిక్ గాజు. పసుపు రంగు టంగ్‌స్టన్ దీపాన్ని పగటి వెలుగులా మార్చడానికి వాడేవారు. ముందు నుంచి చూస్తే నీలం, వెనక నుంచి చూస్తే పసుపు. అందులో రంగు పదార్థమేమీ ఉండదు. అది వెలుగును తాగదు. కొంత పంపిస్తుంది, కొంత తిప్పికొడుతుంది. అందుకే మాడదు, వెలవదు.

నేను పట్టుకున్న దారి ఈ రెండోదే. రంగు నల్ల రేకు మీద వేయం. రేకు నల్లగానే, తన పని తాను చేసుకుంటూ లోపల ఉంటుంది. పైన మూసే గాజు లోపలి వైపున కంటికి ఆనని పలచని పొరలు వేస్తాం. అవి ఎండలోంచి ఒక సన్నని రంగు పట్టీని మాత్రం వెనక్కి పంపుతాయి. మిగతాదంతా లోపలికి వదిలేస్తాయి. వెనక్కి వచ్చిన ఆ పిసరంతే మన కంటికి కనిపించే రంగు.

ఇది ఎలా జరుగుతుందో మన ఫిజిక్స్ మాస్టారు సబ్బు నీళ్లతో చూపించారు. తీగ చుట్టను సబ్బు నీళ్లలో ముంచి కిటికీ దగ్గర పట్టుకునేవారు. నీళ్లకు రంగు లేదు, సబ్బు నురగకూ రంగు లేదు, మరి ఆ పొర మీద నీలం, పచ్చ, ఊదా ఎక్కడివని అడిగేవారు. పొర పై తలం నుంచి వెనక్కి వచ్చే కాంతి, కింది తలం నుంచి వచ్చే కాంతి కలిసినచోట కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని రద్దవుతాయి. వ్యతికరణం అని బోర్డు మీద రాసి కింద గీత గీసేవారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. నా విషయంలో అది జీవితానికి సరిపడా పని పెట్టింది.

సబ్బు పొర చిట్లిపోతుంది. గాజు మీద సిలికా, టైటానియం ఆక్సైడ్ లాంటి పదార్థాల పొరలు చిట్లవు. ఒక్కో పొర మందం కొన్ని పదుల నుంచి వంద పైచిలుకు నానోమీటర్లు. మన తల వెంట్రుక అడ్డంగా డెబ్బై వేల నానోమీటర్లు ఉంటుందంటే ఎంత పలచనో ఊహించుకోండి. కలెక్టర్లకు ఈ పద్ధతిని శ్రద్ధగా అభివృద్ధి చేసింది స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగరంలో ఉన్న ఈపీఎఫ్ఎల్ విశ్వవిద్యాలయం. ఆండ్రియాస్ షూలర్, క్రిస్టియన్ రోకర్ తదితరులు అక్కడి సౌరశక్తి ప్రయోగశాలలో ఏళ్ల తరబడి దీనిమీద పని చేశారు. ఆ గాజు తర్వాత క్రోమాటిక్స్ అనే పేరుతో బజారులోకి వచ్చింది. గాజు బయటి తలాన్ని కాస్త గరుకు చేస్తే మెరుపు ఎదుటివారి కళ్లలో కొట్టదు, లోపలి గొట్టాలూ అతుకులూ కనిపించవు.

ఇంతకూ రంగు కోసం మనం ఎంత చెల్లిస్తున్నాం? ఇదే అసలు లెక్క. మంచి ఎండలో చదరపు మీటరుకు వెయ్యి వాట్లు పడుతున్నాయనుకుందాం. అందులో దాదాపు సగం మన కంటికి కనిపించని పరారుణం. దాన్ని మనం ముట్టుకోనే ముట్టుకోం. కనిపించే వెలుగులో మన కన్ను బాగా పట్టేది ఆకుపచ్చను, సుమారు 555 నానోమీటర్ల దగ్గర. ఆ చుట్టూ 50 నానోమీటర్ల వెడల్పున్న పట్టీలో ఉన్నది సుమారు 75 వాట్లు. అందులో సగం వెనక్కి పంపినా పోయేది 37, 38 వాట్లు. అంటే నూటికి నాలుగు పాళ్ల లోపు. పూత తీరును బట్టి నష్టం ఇంకొంత పెరగవచ్చు, కానీ మొత్తం మీద పదిలోపు ఉంచడం సాధ్యమే. ఏ పూతా లేని మామూలు గాజు కూడా రెండు తలాల నుంచి కలిపి ఎనిమిది పాళ్ల దాకా వెనక్కి పంపుతుందని గుర్తుంచుకోండి. మన కన్ను చాలా అల్పసంతోషి. దానికి పిసరంత ఇస్తే చాలు, గోడంతా పచ్చగా ఉందనుకుంటుంది. మిగతాదంతా నీళ్లకే.

ఇలాంటి గాజు ఒక బడి మీదే ఉంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ రేవు పక్కన నోర్డ్‌హావ్న్ ప్రాంతంలో 2017లో ప్రారంభమైన కోపెన్‌హేగన్ ఇంటర్నేషనల్ స్కూల్ గోడల నిండా సముద్రం రంగు పలకలు, సుమారు 12,000. ఆరు వేల చదరపు మీటర్ల పైనే. దగ్గరికెళ్లి చూస్తే అన్నీ ఒకే గాజు. కొద్దికొద్దిగా కోణాలు మార్చి బిగించినందువల్ల ఒకటి నీలంగా, ఒకటి పచ్చగా కనిపిస్తుంది. అవి కరెంటు ఇచ్చే పలకలు, నీళ్లు కాచేవి కావు. రంగు రహస్యం మాత్రం ఇదే. ఆ బడికి కావలసిన కరెంటులో సగానికి పైగా గోడలే ఇస్తాయని లెక్క వేసి కట్టారు. పిల్లల పాఠాల్లో ఆ గోడ కూడా ఒక పాఠం.

అది చలి దేశం, అక్కడ సూర్యుడు వాలుగా ఉంటాడు కాబట్టి గోడ మీద ఎండ పడుతుంది, మన సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కదా అని మీలో లెక్కల మాస్టార్లు అడగవచ్చు. సరైన ప్రశ్న. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం మన నీడ మన కాళ్ల కిందే మాయమవుతుంది. జూన్‌లో సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి కూడా వెళతాడు. ఆ రోజుల్లో దక్షిణపు గోడకు మధ్యాహ్నం నేరుగా ఎండ పడదు.

డిసెంబరు చూడండి. మధ్యాహ్నం కూడా సూర్యుడు నేల నుంచి 49 డిగ్రీల ఎత్తు మించి ఎక్కడు. అప్పుడు దక్షిణపు గోడ మీద సూటి ఎండలో దాదాపు మూడింట రెండు వంతులు పడుతుంది. అంటే మన దక్షిణపు గోడ చలికాలంలో మేలుకుని వేసవిలో నిద్రపోతుంది. మనం వేడి నీళ్లు అడిగేది ఎప్పుడు? చలికాలంలోనే. మే నెలలో హైదరాబాద్‌లో వేడి నీళ్లు ఎవరికి కావాలి? కుళాయి తిప్పితేనే వస్తాయి! ఆ నెలలో డాబా మీది కలెక్టర్లు వాడకం లేక ఊరికే సలసల కాగుతుంటాయి. గోడ మీదిది మాత్రం బుద్ధిగా ఊరుకుంటుంది. మన అవసరానికీ ఆకాశానికీ ఇంత చక్కగా కుదిరే గోడ మరొకటి లేదు.

అందుకని గోడే గొప్పదని చెప్పను. డాబా మీద చోటుంటే, ఎవరూ అభ్యంతరపెట్టకపోతే అక్కడే పెట్టండి. ఏడాది మొత్తం లెక్కలో అక్కడే ఎక్కువ ఎండ దొరుకుతుంది. గోడ పద్ధతి చోటు లేనివారికి, చలికాలపు నీళ్లే ముఖ్యమైనవారికి, ఎలాగూ గోడకు షీటో రాయో అంటించబోతున్నవారికి. ఈ మూడోది ముఖ్యం. ఆ షీటు ఖర్చు మిగులుతుంది కాబట్టి కలెక్టర్ ఖర్చులోంచి దాన్ని తీసివేసి చూడాలి. పైగా కలెక్టర్ వెనక రెండంగుళాల రాక్‌వూల్ ఉంటుంది. గోడకు అది చలువ దుప్పటి లాంటిది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఈ రంగు చూసే కోణాన్ని బట్టి మారుతుంది. పక్కకు వెళ్లి చూస్తే నీలం వైపు జరుగుతుంది. పొరలను జాగ్రత్తగా లెక్క కడితే ఈ జరుగుడు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. తెలుపు మాత్రం అడక్కండి. తెలుపంటే కనిపించే వెలుగునంతా వెనక్కి పంపడమే, అప్పుడు సగం ఎండ పోయినట్టే. ఇక మన బోరు నీళ్లు. వాటిలోని సున్నం సన్నని గొట్టాల్లో పేరుకుని రెండు మూడేళ్లలో దారి మూసేస్తుంది. అందుకే గోడ కలెక్టర్‌లో తిరిగే నీరు వేరుగా, ట్యాంకులో స్నానానికి వాడే నీరు వేరుగా ఉండాలి. వేడి మాత్రమే ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి దాటాలి.

పూత వేయడం మరో కథ. పెద్ద గాజుల మీద నిర్వాత గదుల్లో వేస్తారు. గచ్చిబౌలి, మాదాపూర్ అద్దాల భవనాల గాజుకు పూతలు వేసేది కూడా ఇలాంటి గదుల్లోనే. కాబట్టి ఆ విద్య మన దేశానికి కొత్త కాదు. మా షెడ్డుకు అంత స్తోమత లేదు గనుక మేం సోల్-జెల్ దారి పట్టాం. గాజును ద్రావణంలో ముంచి నెమ్మదిగా పైకి లాగి కొలిమిలో కాలుస్తాం. లాగే వేగమే పొర మందాన్ని నిర్ణయిస్తుంది. చేత్తో లాగితే చారలు పడతాయి, చిన్న మోటారుతో లాగితే పూత సమానంగా వస్తుంది. మన నగరంలోనే బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ పరిశోధనా సంస్థ సోల్-జెల్ పూతల్లోనూ, సౌర పదార్థాల్లోనూ పని చేస్తోంది. ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలు అక్కడికి ఒకసారి వెళ్లి చూడాలి.

మా షెడ్డు దక్షిణపు గోడకు మామూలు గాజు కలెక్టర్ ఒకటి, మేం పూసిన నీలి గాజు కలెక్టర్ ఒకటి పక్కపక్కన బిగించి చలికాలమంతా చూశాం. సాయంత్రం రెండు ట్యాంకుల్లో తేడా థర్మామీటరుకు తెలిసింది, చేతికి తెలియలేదు. పక్క షెడ్డు యజమాని మాత్రం వచ్చి "గోడకు నీలి అద్దం ఎప్పుడు వేయించారు?" అని అడిగాడు. నాకు అంతకంటే పెద్ద ప్రశంస అక్కర్లేదు.

ఇప్పుడు అభ్యర్థన. స్వర్ణోత్సవ నిధితో కొత్త వసతి గృహం కట్టాలని మన సంఘం తీర్మానించింది. దాని ముఖచిత్రం ఈ సంచికలోనే వేశారు. అందంగా ఉంది. దక్షిణపు గోడ అంతా నీలి అద్దం. ఆ అద్దం వెనక ఏముంది? ఇటుక గోడే. ఫిల్మ్‌నగర్‌లో పెరిగిన మనకు ఇది తెలియనిది కాదు. ముందు ముఖం మాత్రమే ఉండి వెనక ఏ పనీ లేని గోడను మనం సెట్ అంటాం. సినిమా అయిపోగానే విప్పేస్తాం. బడి గోడ యాభై ఏళ్లు నిలబడాలి.

చలికాలం తెల్లవారుజామున ఆ పిల్లలు ఎలా స్నానం చేస్తారో వార్డెన్లను అడిగి చూడండి. చన్నీళ్లయినా పోసుకుంటారు, లేకపోతే బకెట్లో హీటర్ రాడ్ పెట్టుకుంటారు. తడి చేతులు, తడి నేల, కరెంటు రాడ్, ఎనిమిదో తరగతి పిల్లవాడు. ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదనుకుంటాను.

లెక్క చెబుతాను. వంద మంది పిల్లలు. ఒక్కొక్కరికి ఇరవై లీటర్ల గోరువెచ్చని నీళ్లు. డిసెంబరులో 22 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు తేవాలి. రెండు వేల లీటర్లకు రోజుకు సుమారు 42 యూనిట్ల వేడి కావాలి. ఆ నెలలో దక్షిణపు గోడ మీద చదరపు మీటరుకు రోజుకు 4 నుంచి 5 యూనిట్ల ఎండ పడుతుందని నా అంచనా. అందులో రెండు యూనిట్లు నీళ్లకు చేరతాయనుకుంటే 21 చదరపు మీటర్లు చాలు. అంటే ఏడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు. ఒక తరగతి గది గోడంత. నీలి రంగు కోసం అదనంగా ఒకటిన్నర చదరపు మీటర్లు కలపండి. రంగుకు మనం కట్టే సుంకం అంతే, ఒక తలుపంత కూడా కాదు. మబ్బు పట్టిన రోజుల కోసం ట్యాంకులో ఒక హీటర్ ఉండాలి. అది పిల్లల చేతికి అందని గదిలో ఉంటుంది.

ఇది గోడలు లేచాక చేసే పని కాదు. గొట్టాలు ఎక్కడ దిగాలి, బరువు ఏ పిల్లర్ మోయాలి, ట్యాంకు ఎక్కడ ఉండాలి అన్నవి నక్షాలోనే తేలాలి. అందుకే కమిటీ వచ్చే నెల నక్షా ఖాయం చేసే ముందు ఆ దక్షిణపు గోడలో ఇరవై మూడు చదరపు మీటర్లు నాకివ్వండి. అదే నీలం, అదే మెరుపు, ముఖచిత్రంలో ఏమీ మారదు. గాజు, రేకులు, పనివాళ్ల కూలీ మా షెడ్డు భరిస్తుంది. నా బ్యాచ్ మిత్రులు ట్యాంకు బాధ్యత తీసుకుంటామన్నారు. వెనక వరుసలో వాళ్లు ఇందాకటి నుంచి మాట్లాడుకుంటున్నది దాని గురించేనని ఆశిస్తున్నాను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆ గోడ పక్కన రెండు థర్మామీటర్లు పెట్టిస్తాం. తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ రాసుకోనివ్వండి. ఏ నెలలో ఎంత వేడి, ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గిందో వాళ్లే చెబుతారు. వ్యతికరణం పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద గీత గీశాక కిటికీలోంచి ఆ గోడను చూపించండి.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, సమాధానాలు చెబుతాను. సెలవు.